నడకల పాఠం

మొన్న తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతుంటే నడకల గురించిన ఇంగ్లీషు మాటలు వచ్చాయి. సరిగ్గా నడవలేనివాళ్ల నడకలకు ఆ భాషలో ఎన్ని పేర్లో! స్టాగర్, స్టంబుల్, టాటర్, లింప్, షఫుల్, వాడిల్, హాబుల్. తూలడం, తట్టుకుని పడబోవడం, తప్పటడుగులు వేయడం, కుంటడం, కాళ్లీడ్చడం, బాతులా ఊగుతూ నడవడం అని అర్థాలు రాసేసి ముందుకు పోదామనుకున్నాను. పిల్లలు ఊరుకుంటారా? "మేడం, చేసి సూపెట్టుండ్రి" అని ఒకటే గోల. సరే కదాని తూలి చూపించాను, ఊగి చూపించాను, బెంచీల మీద పడి మరీ నవ్వారు. హాబుల్ దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు కదల్లేదు. "అది ఇంటికి పోయి డిక్షనరీల సూసుకోండ్రి" అని కసిరి పుస్తకం మూసేశాను. పాపం, వాళ్లకేం తెలుసు. నకిరేకల్‌లో పుట్టి పెరిగిన పిల్లలు వాళ్లు. నేను ఆ మాట నేర్చుకున్న చోటు వేరు, నేర్చుకున్న తీరు వేరు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. పెళ్లై, బిడ్డ తల్లినై, నలుగురికి చదువు చెప్పే దాన్నయ్యాక కూడా ఒక మాటకు ఇంత భయపడతానా అని నా మీద నాకే కోపం వచ్చింది.

మాది మర్రిగూడ దిక్కు ఊరు. నేనింకా బడిపిల్లను, తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త. ఇంటింటికీ నల్లా నీళ్లు ఇంకా రాలేదు, ఇదిగో వస్తాయి అదిగో వస్తాయి అంటున్న రోజులు. బోరు నీళ్లలో ఎముకలను బిగదీసే ఫ్లోరైడు. పిల్లలకు బండి మీద వచ్చే కొన్న క్యాను నీళ్లు, పెద్దలకు బోరు నీళ్లు. ఇది ఏ ఇంట్లోనైనా ఒకటే రివాజు. పెద్దల ఎముకలు ఎట్లాగూ ముదిరిపోయాయి, ఇంక వాళ్లకేమవుతుందన్న ధీమా. ఏమవుతుందో కళ్ల ముందే కనిపిస్తున్నా ఆ ధీమా ధీమానే. మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, మోకాళ్లు పూర్తిగా చాపలేదు, పూర్తిగా మడవలేదు. పొద్దున మంచం దిగడానికి ఆమెకు పట్టే సేపట్లో మా అమ్మ వాకిలి ఊడ్చి సానుపు చల్లి పొయ్యి ముట్టించేది. "నా కాళ్లు వట్టుకున్నయి" అనేది అవ్వ, ఎవరో దారిన పోయేవాడు పట్టుకుని వదలడం లేదన్నట్టు. ఊళ్లో అందరికీ అదే మాట. ఎవరి నడక ఎట్లా చెడినా, ఎంత చెడినా, ఆ ఒక్క మాటే.

మా ఇంట్లో ఆదివారం వస్తుందంటే నాకు శనివారం మధ్యాహ్నం నుంచే భయం మొదలయ్యేది. ఒకసారెప్పుడో బడికి దవాఖాన వాళ్లు వచ్చి పిల్లలందరినీ వరసలో నిలబెట్టి పరీక్ష చేసి పోయారు. సూది లేదు, మందు లేదు, వంగమన్నారు, లేవమన్నారు, అంతే. ఎముకలు పట్టేస్తున్నాయా లేదా అన్నది దాంతోనే తెలిసిపోతుందట. ఇంకేం, వాళ్లు మళ్లీ రాలేదు గానీ ఆ పరీక్ష మాత్రం ఊరి ఇళ్లల్లో పాతుకుపోయింది. మా ఇంట్లో అవ్వే డాక్టరు. తలలకు నూనె రాసి, కుంకుడుకాయతో రుద్ది రుద్ది పోసి, తల ఆరీ ఆరకముందే నన్నూ చెల్లెనూ వాకిట్లో నిలబెట్టేది. "గదువ ఛాతికి ఆనియ్యి. ఊఁ. చేతులు తలెనుక వెట్టు. ఇగ మోకాళ్లు ఒంగకుంట కాలి ఏళ్లు ముట్టు." ముడితే అన్నం. ముట్టకపోతే ఏమిటో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే భయం. నేను రోజూ గొడ్ల కొట్టం వెనక నిలబడి వంగి వంగి చూసుకునేదాన్ని, కాలి పిక్క కాస్త లాగిందంటే ఇంక ఆ పూట ముద్ద దిగేది కాదు. తన గడ్డం అంగుళమైనా ఛాతి వైపు వంచలేని అవ్వ, మంచం పట్టె మీద కూర్చుని మమ్మల్ని అన్ని వైపుల నుంచీ చూసి, "మంచిగున్నరు, పోండ్రి" అనేది. ఆ మాట విన్నాక పప్పు అన్నం ఎంత కమ్మగా ఉండేదో చెప్పలేను.

ఇట్లా ఉండగా మా బడికి కొత్త ఇంగ్లీషు సారు వచ్చాడు. మహబూబ్‌నగర్ ఆయన, పొడుగ్గా సన్నగా ఉండేవాడు, పిల్లలు నవ్వందే పాఠం చెప్పినట్టు కాదని ఆయన నమ్మకం. నడకల పాఠం వచ్చిన రోజు ఆయన పండగ చేసుకున్నాడు. స్టాగర్ అని కల్లు తాగినవాడిలా తూలి కిటికీకి గుద్దుకున్నాడు. వాడిల్ అని బొజ్జ ముందుకు తోసి ఊగాడు. మేం పగలబడి నవ్వాం. ఆ ఊపులోనే "ఇగ హాబుల్ సూడుండ్రి" అని మోకాళ్లు సగం వంచి, మెడ బిగబట్టి, తొడల మీద చేతులు ఊని, ఒక్కో అడుగుకూ పక్కకు ఒరుగుతూ బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. నడిచి, నవ్వు కోసం మా వైపు చూశాడు. ఒక్కరు నవ్వలేదు. ముందు బెంచీ శిరీష లేచి నిలబడింది. "సార్, మీకు గూడ కాళ్లు వట్టుకున్నయా? మా ఊరి నీళ్లు తాగకుండ్రి సార్, జర మీ ఊరికెంచి తెచ్చుకోండ్రి" అంది. అది ఎగతాళి కాదు, ఆ పిల్లకు నిజంగానే ఆయన మీద జాలి కలిగింది. సారు మొహం పాలిపోయింది. "లేదమ్మా, ఊకెనే జేసిన" అని కుర్చీలో కూర్చుని, మిగతా మాటలకు అర్థాలు చెప్పాడు గానీ ఇంక నడవలేదు.

ఆయన మంచివాడే, ఆయన్నేమీ అనను. కానీ ఆ రోజు నుంచి నా ప్రాణానికి సుఖం లేకుండా పోయింది. అంతకు ముందు అందరివీ పట్టుకున్న కాళ్లే. ఇప్పుడు వాటిలో మెట్లు కనిపించసాగాయి. కిరాణం కొట్టు ముందు నుంచి పోయే ఆయన లింప్. బర్రెలు తోలుకొచ్చే ముసలాయన షఫుల్. మా అవ్వ హాబుల్. మొదట ఒక కాలు కుంటుతుంది, తర్వాత రెండు కాళ్లూ నేలను వదలవు, తర్వాత మోకాళ్లు వంకరపోతాయి, ఆ తర్వాత ఇంగ్లీషులో కూడా మాట లేదు, ఎందుకంటే ఆ తర్వాత నడక లేదు. మా బజారులో మంచం మీదే ఉండిపోయిన వాళ్లు ఉన్నారు. ఊళ్లో ఎవరు నడిచిపోతున్నా నా నోట్లోకి ఆ నడక ఇంగ్లీషు పేరు తనంతట తానే వచ్చేది. వద్దనుకున్నా ఆగేది కాదు.

ఇంట్లో ఒక్క నడక మాత్రం ఏ మాటకూ దొరికేది కాదు. అది మా అమ్మది. అమ్మ పుట్టిల్లు హుజూర్‌నగర్ దగ్గర, కాలువ నీళ్లు పారే పల్లె. కృష్ణ నీళ్లు తాగి పెరిగిన మనిషి. నడిస్తే గాలి లేచేది. "ఎనుకెవ్వలన్న తరుముతున్నరానే, గా నడకేంది" అని అవ్వ ఎప్పుడూ సాధించేది. పొద్దున్నే నేను దుప్పటిలోంచే అమ్మ ఎక్కడుందో చెప్పగలిగేదాన్ని. మా ఇంట్లో షాబాద్ బండలు, అమ్మ కాలి మట్టెలు వాటికి తగిలి టక్కు టక్కుమనేవి. పొయ్యి దగ్గర, దూడ దగ్గర, మళ్లీ పొయ్యి దగ్గర. పత్తి కట్టె పొగ, పెనం మీద జొన్నరొట్టె కాలే వాసన, దాని వెనకే ఆ మట్టెల చప్పుడు. ఆ చప్పుడు ఉన్నంతవరకు ఇల్లు భద్రంగా ఉన్నట్టే ఉండేది నాకు.

అమ్మకు నీళ్లంటే భయం, అత్తగారింటికి వచ్చిన కొత్తలో అవ్వను చూసినప్పుడే పట్టుకున్న భయం. కానీ ఊరికే భయపడి కూర్చునే రకం కాదు. వానాకాలం కాలువ నీళ్లు ఎర్రగా వచ్చినప్పుడు వాళ్లమ్మ నీళ్లను మరగబెట్టి పోసేదట. అందుకని ఇక్కడ బోరు నీళ్లను కూడా మరగబెట్టేది. మరగడమంటే మామూలు మరగడం కాదు. పెద్ద సత్తు గిన్నె నిండా పోసి, రొట్టెలన్నీ అయ్యేదాకా, ఆ తర్వాత కూడా నిప్పుల మీద వదిలి, సగానికి సగం ఇంకేదాకా. గిన్నె లోపల తెల్లగా సున్నంలా అట్ట కట్టేది. దాన్ని గరిటె కాడతో గీకి, అరచేతిలో వేసుకుని మాకు చూపించేది. "సూడుండ్రి, ఇసమంత గిన్నెకే అంటింది. ఇగ నీళ్లు కమ్మగున్నయి" అనేది. ఎంత గర్వమో ఆ మొహంలో! బాపు, అవ్వ తాగమంటే "వాసనొస్తయి, సప్పగున్నయి" అని బోరు నీళ్లే చల్లగా కడవలోంచి ముంచుకునేవారు. మరగబెట్టిన నీళ్లు అమ్మ ఒక్కతే తాగేది. క్యాను బండి రాని రోజు మాకు కూడా అవే పోసేది, బోరు నీళ్లకన్నా నయం కదా అని.

ఆ చలికాలం ఒక పొద్దున చప్పుడు మారింది. టక్కుమనే చోట సర్‌ర్‌మని వినిపించింది. మట్టెలు బండను రాసుకుంటూ పోతున్నాయి. బండ తడిగా ఉందేమో, అమ్మకు నిద్ర చాలలేదేమో అనుకున్నాను. మరునాడూ అంతే. దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాను. షఫుల్ అనే మాట వద్దు వద్దంటున్నా నోట్లోకి వచ్చింది. నాకు అది అనడానికి కూడా ధైర్యం లేక పెదవులు కరిచి పట్టుకున్నాను, నేను అనకపోతే అది కాదన్నట్టు. ఆ తర్వాత ఒక్కొక్కటే కళ్లబడ్డాయి. అమ్మ రొట్టెల పీట మీద నుంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటోంది. అన్నం తినేటప్పుడు మాతో నేల మీద కూర్చోవడం మానేసి, "మీరు తినుండ్రి, నాకు పనున్నది" అని పొయ్యి గట్టు దగ్గర నిలబడే తింటోంది. ఎవరితో చెప్పను? చెబితే నిజమైపోతుంది. బళ్లో కూర్చున్నా చెవుల్లో ఆ సర్‌ర్ చప్పుడే. ఇంటికి పోయేసరికి అమ్మ ఇంకో మెట్టు దిగిపోయి ఉంటుందేమోనని సాయంత్రం గంట కొట్టగానే పరుగెత్తేదాన్ని.

ఆదివారం మా పరీక్ష అయ్యాక ధైర్యం చేసి, "అమ్మా, నువ్వు గూడ చెయ్యి" అన్నాను, ఆటకు అన్నట్టుగా. "నాకేం పుట్టింది, పొయ్యి మీద పప్పున్నది" అని లోపలికి పోయింది. పై ఆదివారం మిరపకాయలు ఎండబెట్టాలంది. ఆ పై ఆదివారం అవ్వే పిలిచింది. అవ్వ కళ్లకు అప్పటికే తెలిసిపోయింది కాబోలు. "పిల్లా, ఇటు రా. నిలవడు" అంది. ఆ గొంతులో సాధింపు లేదు. అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "గదువ ఆనియ్యి" అంది అవ్వ. అమ్మ తల వంచింది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకా వంచబోతే మెడ నరాలు లేచాయి గానీ తల దిగలేదు. "బలిసిన అత్తమ్మా, గందుకే" అని నవ్వింది. ఎవరమూ నవ్వలేదు. "నా లెక్కనే అయితున్నవు గదనే! బంగారమసొంటి పిల్లను తెచ్చి గీ ఊళ్లె ఏసిన" అని అవ్వ ఒక్కసారిగా ఏడ్చింది. అమ్మ ఆమెను ఊరుకోబెట్టబోయి, మధ్యలో ఆగి, తన మోకాళ్ల వైపు చూసుకుంది. మా అమ్మ భయపడడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

బాపు పత్తి చేను వదిలి రాలేక, నన్ను తోడిచ్చి నల్లగొండ దవాఖానకు పంపాడు. ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ నడి వయసు మనిషి, విసుగు లేకుండా మాట్లాడింది. ఏం నీళ్లు తాగుతావని అడిగింది. అమ్మ కాస్త నిటారుగా కూర్చుంది. ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు, "నేను అందరి లెక్క తాగ మేడం. మరగవెట్టి తాగుత. సగం ఇంకేదాక మరగవెడత. ఇసమంత గిన్నెకు అంటుతది" అంది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మరగబెడితే నీళ్లే ఆవిరైపోతాయమ్మా, ఫ్లోరైడు పోదు. చారు ఎక్కువసేపు మరిగితే ఉప్పు ఎక్కువ తెలుస్తుంది కదా? ఇదీ అంతే. సగం నీళ్లలో మొత్తం మిగులుతుంది. ఆ గిన్నెకు అంటుకునేది ఉత్త సున్నం." అమ్మ మందులు రాసిస్తే తీసుకుంది, పాలు, ఆకుకూరలు తినమంటే తల ఊపింది. తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగి, "మరి పోయిన కాళ్లు మళ్ల వస్తయా మేడం?" అని అడిగింది. "ఇంకా పోకుండా చూసుకుందాం" అంది ఆమె.

తిరుగు బస్సులో అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను ఏడుపు ఆపుకుంటూ, పాపం అమ్మ తన కాళ్ల గురించే అనుకుంటోందనుకున్నాను. చాలా దూరం వచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగేంత గట్టిగా. "బిడ్డా, క్యాను రాని దినాలల్ల మీకు గవ్వే నీళ్లు పోసిన గదా. నా చేతులతోనే పోసిన గదా" అంది. కొన్ని రోజులే కదమ్మా అన్నాను. "పప్పు గూడ గవ్విట్లనే వండిన" అంది. బస్సులో జనం ఉన్నారని కూడా చూడకుండా నన్ను సీట్లోంచి లేపి, "గదువ ఆనియ్యి, ఆనియ్యి" అంది. ఊగుతున్న బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి గదువ ఛాతికి ఆనించాను. కండక్టరు వింతగా చూశాడు. అమ్మ ఊపిరి వదిలింది, కానీ చెయ్యి వదల్లేదు. ఇంటికి పోగానే ఆ సత్తు గిన్నెను బొక్కపోయేదాకా బండకేసి కొట్టి పెంటకుప్ప మీద పారేసింది.

ఆ తర్వాత నల్లాలు వచ్చాయి. కృష్ణ నీళ్లు మా వాకిట్లోనే పడుతున్నాయి. మొదటి రోజు అమ్మ బిందె నింపి, దోసిలి పట్టి తాగి, "మా అమ్మగారింటి నీళ్లు" అని గడప మీద కూర్చుని ఏడ్చింది. అవ్వకు మాత్రం ఆ నీళ్లలో కలిపే మందు వాసన నచ్చలేదు, తను చనిపోయేదాకా తిడుతూనే తాగింది. ఇప్పుడు మా ఊరి పిల్లలను ఆదివారాలు ఎవరూ నిలబెట్టడం లేదు. గదువ ఛాతికి ఆనుతుందో లేదో వాళ్లు ఎన్నడూ చూసుకుని ఉండరు. చిన్నపిల్లలు ఉరుకుతుంటే చూడముచ్చటగా ఉంటుంది, నాకు అసూయ కూడా కలుగుతుంది, దాచుకోవడమెందుకు. మందుల వల్లా, నీళ్ల వల్లా అమ్మ మంచాన పడలేదు. కానీ డాక్టరమ్మ చెప్పినట్టే పోయిన నడక రాలేదు. నిండా యాభై ఏళ్లు లేని మనిషి తొడల మీద చేతులు ఊని, పక్కకు ఒరిగి ఒరిగి నడుస్తుంది. ఆ ఇంగ్లీషు మాట ఇప్పుడు మా అమ్మది. అందుకే మొన్న క్లాసులో దాన్ని చేసి చూపించలేకపోయాను.

ఆ పాఠం జరిగిన వారంలోనే అమ్మ నకిరేకల్‌లో మా కిరాయి ఇంటికి వచ్చింది. నా బిడ్డకు అప్పుడే అడుగులు వస్తున్నాయి. మొదటి రోజంతా అమ్మమ్మ వెనకే తిరిగింది. సాయంత్రం చూస్తే, చిన్న చేతులు రెండూ తొడల మీద పెట్టుకుని, మోకాళ్లు వంచి, పక్కకు ఒరుగుతూ నడుస్తోంది. పక్కింటావిడ చూసి "అచ్చం అమ్మమ్మనే! సూడుండ్రి, గెట్ల జేస్తాందో" అని పడి పడి నవ్వింది. పిల్లలు చూసింది చేస్తారు, అంతే కదా. నాకు అంతా తెలుసు, డాక్టరమ్మ మాటలూ గుర్తే. అయినా ఉరికి పోయి బిడ్డ చేతులు తొడల మీంచి లాగేశాను. అది బెదిరి ఏడ్చింది. అమ్మ నా మొహం చూసింది.

తెల్లారి నుంచి అమ్మ నడవలేదు. కుర్చీ వేయించుకుని అందులో కూర్చుంది. నీళ్లు కావాలన్నా అడిగింది, టీవీ పెట్టమని కూడా నన్నే అడిగింది. ఊళ్లో పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఆ కాళ్లతోనే ఇల్లంతా తిరిగే మనిషి. కాళ్లు బాగా నొస్తున్నాయా అంటే, లేదంది. బిడ్డ నిద్రపోయాకనే లేచి బాత్‌రూముకు పోయేది. అది చూశాక గానీ నాకు అర్థం కాలేదు.

ఊరికి పోవాల్సిన రోజు బిడ్డ వచ్చి అమ్మమ్మ వేలు పట్టుకుని గుంజసాగింది. "దా, దా" అంటుంది, దానికి అదొక్క మాటే వచ్చు. అమ్మ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని, "అమ్మమ్మను సూడకు బిడ్డా, మీ అమ్మ తోని నడువు" అంది. నేను ఇంక ఆగలేకపోయాను. పోయి అమ్మ చంక కింద చెయ్యి వేసి, "లే అమ్మా" అన్నాను.

"వద్దు. నన్ను జూసి గట్లనే నేర్సుకుంటాంది."

"నడక జూస్తే రాదమ్మా అది."

"నాకెరుకే. బుగులైతాంది. నీకు గాలేదా?"

నాకూ భయమైంది, ఇప్పుడూ అవుతోంది అన్నాను. అని, అట్లాగే లేపాను. అమ్మ ఒక చేత్తో తొడను ఊనుకుని, ఇంకో చేతి వేలు మనవరాలికి ఇచ్చి, గడప దాకా నడిచింది. నేను వెనక నిలబడ్డాను. బిడ్డ కాళ్లు అటు ఒకటి ఇటు ఒకటి పడుతున్నాయి. ఆ వయసులో అందరి కాళ్లూ అట్లాగే పడతాయి.

"సక్కగ నడుస్తాందా?" అని అడిగింది అమ్మ.

"సక్కగనే నడుస్తాంది."

"మంచిగ జూసి చెప్పు" అంది.

నేను నేల మీద కూర్చుని, మళ్లీ చూశాను.